వెలివాడ నుంచి వెలివేతకు: ఎల్‌జీబీటీ విశ్వాసుల ఖండనలో బైబిల్ వచనాల వినియోగం – ఒక నైతిక విచారం

విషయ ప్రవేశం

పేరులోనే కాగితాన్ని నిలుపుకొన్న పట్టణం కాగజ్‌నగర్. నిజాం కాలంలో, 1938లో స్థాపితమైన సిర్పూర్ పేపర్ మిల్లు చుట్టూ పెరిగిన ఈ ఊరికి పనికోసం పలు ప్రాంతాల నుంచి, పలు భాషల నుంచి జనం వచ్చారు. వారితోపాటు వారి దేవుళ్లూ ప్రార్థనా మందిరాలూ వచ్చాయి. కరీంనగర్ కేంద్రంగా ఉన్న దక్షిణ ఇండియా సంఘపు డయోసిస్, 1999లో మంచిర్యాల పీఠంగా ఏర్పడిన ఆదిలాబాద్ సీరో మలబార్ కథోలిక మేత్రాసనం, బాప్టిస్టు సంఘాలు, ఏ శాఖకూ చెందని స్వతంత్ర ప్రార్థనా సహవాసాలు ఉత్తర తెలంగాణ క్రైస్తవ జీవనంలో భాగాలు. 2014లో మిల్లు మూతపడి, 2018లో కొత్త యాజమాన్యం కింద తిరిగి తెరుచుకునే దాకా గడిచిన కాలం ఇలాంటి పారిశ్రామిక పట్టణాల స్వభావాన్ని స్పష్టం చేసింది. వేతనం ఆగిపోయిన ఇంటికి బంధువర్గం, విశ్వాసుల సంఘం తప్ప వేరే ఆసరా అరుదు. పెళ్లి, పురుడు, రోగం, మరణం అన్నింటికీ సంఘమే తోడు.

అటువంటి చోట సంఘం ఒక వ్యక్తిని కాదనడం కేవలం అభిప్రాయభేదం కాదు. అది ఆ మనిషి బతుకుకు ఆధారమైన సంబంధాలన్నింటినీ తెంచడం. స్వలింగానురాగులు, ద్విలింగానురాగులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు క్రైస్తవ విశ్వాసులై ఉండి, తాము నమ్మిన గ్రంథం నుంచే తమపై తీర్పు వినవలసి వచ్చినప్పుడు తలెత్తే నైతిక ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బైబిల్ స్వలింగ సంబంధాల గురించి ఏమి చెప్పిందన్నది ఒక ప్రశ్న. చెప్పినదాన్ని ఒక మనిషిని వెలివేయడానికి వాడవచ్చునా అన్నది మరొక ప్రశ్న. ఈ రెండింటినీ ఒకటిగా భావించడంలోనే దుర్వినియోగానికి మూలం ఉందన్నది ఇక్కడి ప్రతిపాదన.

దుర్వినియోగం అంటే ఏమిటి

ఒక వచనానికి సంప్రదాయం చెప్పిన అర్థాన్ని అంగీకరించినంత మాత్రాన ఎవరూ గ్రంథాన్ని దుర్వినియోగం చేసినట్టు కాదు. వివాహం స్త్రీ పురుషుల మధ్యనే అని నమ్మే విశ్వాసి తన నమ్మకానికి ఆదికాండము మొదటి రెండు అధ్యాయాలను, మత్తయి సువార్త 19వ అధ్యాయాన్ని ఆధారంగా చూపవచ్చు. అది వ్యాఖ్యానం. దానితో విభేదించవచ్చు, వాదించవచ్చు. దుర్వినియోగం అనేది అర్థనిర్ణయానికి కాక, ప్రయోగానికి సంబంధించిన దోషం.

ఆ దోషానికి నాలుగు లక్షణాలు చెప్పుకోవచ్చు. మొదటిది, మూలంలో సందిగ్ధమైన మాటకు అనువాదంలో దొరికిన నిశ్చయాన్ని దైవనిశ్చయంగా చూపడం. రెండవది, ఒక వాక్యాన్ని దాని ఉపక్రమ, ఉపసంహారాల నుంచి విడదీసి శాసనంగా నిలబెట్టడం. మూడవది, అదే గ్రంథం అదే స్వరంతో చెప్పిన ఇతర నిషేధాల నుంచి చదువరి తనను తాను మినహాయించుకోవడం. నాలుగవది, క్రియ గురించి చెప్పిన మాటను పుట్టుకకు, అస్తిత్వానికి అంటగట్టడం. ఈ నాలుగూ కలిసినప్పుడు వచనం బోధగా మిగలదు, ముద్రగా మారుతుంది.

అనువాదపు భారం

తెలుగు విశ్వాసికి బైబిల్ అంటే తెలుగు బైబిలే. 19వ శతాబ్ది తొలి దశకాల్లో విశాఖపట్నంలో దెగ్రాంజ్, ఆనందరాయర్‌ల కృషితో ఊపందుకున్న తెలుగు బైబిల్ అనువాదం అనేక చేతులు మారి, బైబిల్ సొసైటీ ప్రచురించే పాత తర్జుమాగా స్థిరపడింది. దాని గ్రాంథిక భాష చాలామంది విశ్వాసులకు కంఠస్థమైన ఆరాధనా భాష. ఆ భాషకున్న గౌరవం వల్లనే అందులోని ఒక్కొక్క మాట మోసే భారాన్ని తూచి చూడడం అవసరం.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం 9వ వచనంలో దేవుని రాజ్యానికి వారసులు కానివారి పట్టిక ఉంది. అందులో ‘మలకొయ్’, ‘అర్సెనొకొయిటై’ అనే రెండు గ్రీకు మాటలు వస్తాయి. పాత తర్జుమా మొదటిదాన్ని ‘ఆడంగితనముగలవారు’ అనీ, రెండవదాన్ని ‘పురుషసంయోగులు’ అనీ అనువదించింది. మలకొస్ అంటే గ్రీకులో మెత్తనిది, సుకుమారమైనది అని అర్థం. ఇదే మాట మత్తయి సువార్త 11:8లో రాజగృహాల్లో నివసించేవారి వస్త్రాలకు విశేషణంగా వస్తుంది. అక్కడ తెలుగు అనువాదకులు దాన్ని ‘సన్నపు’ బట్టలన్నారు. ఒకే విశేషణం బట్టకు చేరినప్పుడు సన్నదనం అయింది, మనిషికి చేరినప్పుడు ఆడంగితనం అయింది. మనుషులకు వర్తించినప్పుడు ఈ మాటకు ఆ కాలపు గ్రీకులో నీతిపరమైన నింద ఉన్న మాట నిజమే. కానీ ఆ నింద విలాసం, పిరికితనం, ఆత్మనిగ్రహ లోపం, స్త్రీ లక్షణాలు వంటి పలు అర్థాలపై విస్తరించి ఉంది. వాటన్నింటిలోనూ ఒకే భావం అంతర్వాహిని: స్త్రీవలె ఉండడం పురుషునికి పతనం.

‘ఆడంగి’ అనే తెలుగు మాట ఈ భావాన్ని యథాతథంగా, ఇంకా గట్టిగా మోసుకువచ్చింది. వాడుకలో అది తిట్టు. నడకను, గొంతును, చేతుల కదలికను చూసి విసిరే మాట. చిన్నప్పటినుంచి వీధిలో ఆ మాట పడ్డ పిల్లవాడికి అదే మాట పరిశుద్ధ గ్రంథంలో కనిపించినప్పుడు, వీధికీ వేదికకూ తేడా తొలగిపోతుంది. ఇక్కడ అనువాదకుల దురుద్దేశాన్ని వెతకనవసరం లేదు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదమూ, లూథర్ జర్మన్ అనువాదమూ ఈ మాటకు దాదాపు ఇటువంటి అర్థాన్నే ఇచ్చాయి. గమనించవలసింది ఏమంటే, స్త్రీత్వాన్ని తక్కువగా చూసే లోకవ్యవహారం అనువాదపు దారిలో దైవవాక్యపు అధికారాన్ని సంపాదించింది.

రెండవ మాట మరింత చిక్కైనది. ‘అర్సెన్’ అంటే పురుషుడు, ‘కొయితె’ అంటే శయ్య. ఈ సమాసం మనకు లభించే గ్రీకు సాహిత్యంలో పౌలు కంటే ముందు కనిపించదు. లేవీయకాండము 20:13 గ్రీకు అనువాదంలో ఈ రెండు పదాలూ పక్కపక్కనే ఉండడం వల్ల అక్కడినుంచే సమాసం పుట్టిందని చాలామంది పండితుల ఊహ. డేల్ మార్టిన్ వంటివారు తరవాతి గ్రీకు రచనల్లో ఈ మాట వచ్చిన సందర్భాలను పరిశీలించి, దానికి ఆర్థిక దోపిడీతో ముడిపడిన లైంగిక దౌర్జన్యం అనే అర్థం ఉండవచ్చునన్నారు. రాబర్ట్ గాగ్నన్ వంటివారు దాన్ని అంగీకరించక, పురుషుల మధ్య సంపర్కమంతటికీ అది వర్తిస్తుందని 2001లో విస్తృతంగా వాదించారు. వివాదం తీరలేదు. ఇంగ్లీషులో 1946 నాటి రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ ఈ రెండు మాటలనూ కలిపి ‘హోమోసెక్సువల్స్’ అని ఒక్క మాటగా మార్చింది. ఆ మాటను 1868–69 ప్రాంతంలో కెర్ట్‌బెనీ అనే రచయిత సృష్టించాడు. ఒకరి ఆకర్షణను బట్టి అతనిని ఒక జాతి మనిషిగా గుర్తించే ఆధునిక భావన ఒకటవ శతాబ్ది పత్రికలోకి ఆ విధంగా ప్రవేశించింది. 1971 నాటి సవరణలో అనువాదకులే ఆ మాటను తొలగించారు. కానీ ఒక తరం ప్రసంగాల్లో అది అప్పటికే పాతుకుపోయింది. నేటి తెలుగు ప్రసంగాల్లో వినిపించే ‘స్వలింగ సంపర్కులు’ అనే మాట కూడా ఇదే మార్గంలో క్రియను జాతిగా మార్చుతుంది.

ఇదే పట్టికలో మరికొన్ని మాటలున్నాయి. లోభులు, త్రాగుబోతులు, దూషకులు కూడా దేవుని రాజ్యానికి వారసులు కారని పౌలు అంటాడు. ఆడంగితనం గురించిన మాటను పట్టుకొని సాటి విశ్వాసిని దూషించేవాడు అదే వాక్యంలో తన పేరును కూడా చదువుకోవలసి ఉంటుంది. పై అధ్యాయసందర్భం విశ్వాసులు ఒకరిపై ఒకరు వ్యాజ్యాలకు పోవడాన్ని ఖండించేది కావడం కూడా ఇక్కడ స్మరణీయం.

నపుంసకుడు, షండుడు

ఖండనకు వాడే మాటలు ఇంతగా ప్రచారం పొందగా, స్వీకారానికి సంబంధించిన మాటలు మరుగున పడ్డాయి. ద్వితీయోపదేశకాండము 23:1 అంగచ్ఛేదం జరిగినవారికి యెహోవా సమాజంలో ప్రవేశం లేదని శాసించింది. యెషయా 56వ అధ్యాయంలో అదే దేవుడు నిబంధనను గైకొనే షండులకు తన ఇంటిలో కుమారులు, కుమార్తెల కంటె శ్రేష్ఠమైన పేరును వాగ్దానం చేస్తాడు. మత్తయి 19:12లో యేసు నపుంసకుల గురించి మాట్లాడుతూ, పుట్టుకతోనే అట్టివారు ఉన్నారని మొదట అంగీకరిస్తాడు. వివాహాన్ని గురించిన బోధ ముగిసిన వెంటనే, అదే సంభాషణలో ఆ మాట రావడం గమనించదగ్గది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు తన బాప్తిస్మానికి ఆటంకమేమని అడుగుతాడు. ఫిలిప్పు ద్వితీయోపదేశకాండపు శాసనాన్ని ఎత్తిచూపడు. అతనితో కలిసి నీళ్లలోకి దిగుతాడు.

ప్రాచీన నపుంసకుడు నేటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి సమానార్థకం కాదు. ఆ రెండింటినీ ఒకటి చేయడం ‘హోమోసెక్సువల్’ అనే మాటతో చేసిన పొరపాటునే తిరగేసి చేయడం అవుతుంది. ఐనా ఈ సందర్భాల క్రమంలో ఒక దిశ ఉంది. దేహాన్ని కారణంగా చూపి గడప బయట నిలిపిన మనిషిని ఇదే గ్రంథం దశలవారీగా లోపలికి తెచ్చుకుంది. ఒక నిషేధవాక్యం గ్రంథంలో ఉండగానే, అదే గ్రంథం దానిని దాటి నడిచింది. శాసనం ఎక్కడున్నదో చూపి చర్చను ముగించేవారు ఈ నడకను విస్మరిస్తున్నారు.

తాత్పర్య నిర్ణయం

భారతీయ శాస్త్ర సంప్రదాయంలో ఒక గ్రంథభాగపు తాత్పర్యాన్ని నిర్ణయించడానికి ఆరు లింగాలు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. బైబిల్ అధ్యయనానికి ఇవి పరాయివి కావు. సందర్భాన్ని గౌరవించే ఏ చదువుకైనా ఇవి పనికివస్తాయి.

రోమీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయం 26, 27 వచనాలను ఈ పద్ధతిలో చూస్తే, ఉపక్రమం అన్యజనుల విగ్రహారాధన, దాని ఫలితాలు. ఆ వరుసలో స్వలింగ సంపర్కంతోపాటు అసూయ, కలహం, కొండెములు, తలిదండ్రులకు అవిధేయత కూడా చేరాయి. పట్టిక పెరిగేకొద్దీ వినేవాడు ఇతరులపై తీర్పుకు సిద్ధపడతాడు. సరిగ్గా అప్పుడు రెండవ అధ్యాయపు మొదటి వాక్యం ఆ శ్రోతవైపే తిరిగి, ఇతరునికి తీర్పు తీర్చువాడు తనకే శిక్ష విధించుకుంటున్నాడని చెబుతుంది. మూడవ అధ్యాయంలో అందరూ పాపులే, అందరికీ కృపే అన్న ఉపసంహారం వస్తుంది. అంటే ఈ భాగపు తాత్పర్యం తీర్పరి స్థానంలో కూర్చున్నవాడిని అక్కడినుంచి దించడం. ఆ భాగాన్నే వాడి తీర్పు చెప్పడం ఉపసంహారాన్ని ఉపక్రమానికి బలి ఇవ్వడం.

ఇక్కడే వచ్చే ‘స్వభావవిరుద్ధం’ అనే భావనకు గ్రీకు మూలం ‘పారా ఫుసిన్’. పౌలు ఇదే పత్రిక 11:24లో, అడవి ఒలీవ కొమ్మను మంచి ఒలీవ చెట్టుకు అంటుకట్టిన దేవుని పనికి కూడా ఇదే మాట వాడాడు. తెలుగు అనువాదం కూడా ఆ రెండుచోట్లా స్వభావవిరుద్ధత అన్న భావాన్నే నిలిపింది. అన్యజనులను తన ప్రజలలో కలుపుకొన్న దైవక్రియే స్వభావవిరుద్ధమైనప్పుడు, ఆ మాటను ఒంటరిగా తీసుకొని పాపానికి పర్యాయం చేయడం కుదరదు. కాబట్టి ఆ మాట ఒక్కటే తీర్పుకు చాలదు. సందర్భం కావాలి.

సొదొమ కథ అభ్యాసలింగానికి నిదర్శనం. ఆదికాండము 19లో ఊరివారు అతిథులపై సామూహిక అత్యాచారానికి పూనుకున్నారు. న్యాయాధిపతులు 19లో గిబియాలో దాదాపు అదే జరిగింది. అక్కడ బలైనది ఒక స్త్రీ. ఆ కథను బట్టి ఎవరూ స్త్రీపురుషుల కలయికను ఖండించలేదు. యెహెజ్కేలు 16:49 సొదొమ దోషాన్ని విడమరచి చెబుతూ గర్వం, ఆహార సమృద్ధి, నిర్విచారమైన సుఖస్థితి, దీనులకు దరిద్రులకు సాయపడకపోవడం అని లెక్కించింది. గ్రంథం తన కథకు తానే ఇచ్చిన వ్యాఖ్యానమిది. బీదలు, పరదేశులు, విధవరాండ్రు, తలిదండ్రులు లేనివారి గురించిన ఆజ్ఞలు ధర్మశాస్త్రంలో, ప్రవక్తల గ్రంథాల్లో, సువార్తల్లో పదేపదే వస్తాయి. స్వలింగ సంపర్కానికి సంబంధించినవిగా చూపే వాక్యాలు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని. సంఖ్య ఒక్కటే నిర్ణాయకం కాదు. కానీ ఒక గ్రంథపు హృదయం ఎక్కడుందో అభ్యాసం చెబుతుంది.

లేవీయకాండము 18:22లోని ‘హేయము’ అనే మాట కూడా పరిశీలనార్హం. హీబ్రూలో అక్కడున్నది ‘తోఎవా’. రెక్కలూ పొలుసులూ లేని జలచరాలను నిషేధించే 11వ అధ్యాయంలో ఉన్నది ‘షెకెట్స్’. తెలుగులో రెండూ హేయములే. అవి వేర్వేరు పదాలే కదా అని వాదించవచ్చు. కానీ ద్వితీయోపదేశకాండము 14:3 ఆహార నిషేధానికి కూడా తోఎవా అనే మాటనే వాడింది. ప్రాణహితలో దొరికే వాలుగ చేపను వండుకునే ఇంట లేవీయకాండపు హేయం అడ్డురాదు. క్రొత్త నిబంధన ఆహార నియమాలను సడలించిందన్న సమాధానం సరైనదే. ఐతే పాత శాసనంలో ఏది నిలుస్తుంది, ఏది సడలుతుంది అన్న నిర్ణయం వ్యాఖ్యానంతోనే జరుగుతుందని ఆ సమాధానమే ఒప్పుకుంటోంది. వ్యాఖ్యానం ఉన్నచోట వినయం ఉండాలి. విడాకుల విషయంలో యేసు చెప్పిన కఠినమైన మాటలను సంఘాలు సందర్భాన్ని, మనిషి బాధను చూసి అన్వయిస్తాయి. ఆ ఓర్పు ఒక వర్గానికి దక్కి మరొక వర్గానికి దక్కకపోవడం ధర్మనిష్ఠ కాదు, పక్షపాతం.

శాసనం, వాక్యం

గ్రంథాన్ని ముద్రగా మార్చే ఈ పద్ధతి మతానికే పరిమితం కాలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ ‘ప్రకృతి క్రమానికి విరుద్ధం’ అన్న మాటతో ఐరోపా క్రైస్తవ నీతిభావనను వలస చట్టంగా మార్చింది. హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, వచ్చిన నపుంసకుల చట్టం 1871 నాటి నేరస్థ తెగల చట్టపు ఛాయలో పుట్టింది. ఆదిలాబాద్ ప్రాంతం కూడా ఆ రాజ్యంలోదే. ఆ చట్టం నపుంసకుల పేర్లను రిజిస్టరులో నమోదు చేయమంది. బహిరంగస్థలంలో స్త్రీ వేషం, ఆటపాటలు నేరమంది. వారంటు లేకుండా అరెస్టుకు వీలిచ్చింది. చేసిన పనిని కాక, ఉన్న తీరునే నేరం చేసిన శాసనమది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది.

377వ సెక్షన్ విషయంలో క్రైస్తవ సంఘాల స్వరం ఒక్కటిగా లేదు. సుప్రీంకోర్టులో ఆ సెక్షన్‌ను సమర్థించినవారిలో అపోస్టోలిక్ చర్చిల కూటమి, ఉత్కళ క్రైస్తవ సంస్థ ఉన్నాయి. మరోవైపు నాగపూర్ కేంద్రంగా ఉన్న భారత జాతీయ చర్చిల సమాఖ్య లైంగిక వైవిధ్యంపై వేదాంత చర్చలకు చోటిచ్చింది. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ తీర్పు వయోజనుల పరస్పర అంగీకార సంబంధాలను నేరపరిధి నుంచి తప్పించింది. స్వలింగానురాగం నేరం కాదని 2023 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ బహిరంగంగా అన్నారు. స్వలింగ క్రియలను అంగీకరించని కథోలిక ధర్మోపదేశ గ్రంథమే, ఆ ధోరణి గల వ్యక్తులను గౌరవంతో, కరుణతో స్వీకరించాలనీ, అన్యాయమైన వివక్ష ప్రతి సూచననూ విడనాడాలనీ బోధిస్తుంది. సంప్రదాయ వ్యాఖ్యానాన్ని వదలకుండానే వెలివేతను వదలవచ్చునని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

చట్టం మారినా ‘మార్చే’ ప్రయత్నాలు ఆగలేదు. సుష్మ కేసులో మద్రాసు హైకోర్టు 2021 జూన్‌లో లైంగిక ధోరణిని మార్చుతామనే చికిత్సలను నిషేధించాలని ఆదేశించింది. తరవాతి సంవత్సరం జాతీయ వైద్య కమిషన్ వాటిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. వైద్యుడు చేయకూడనిదాన్ని ప్రార్థన పేరుతో చేయవచ్చునా అన్నది సంఘాలు తమకు తాము వేసుకోవలసిన ప్రశ్న. ఉపవాసం, నిర్బంధ ప్రార్థన, దయ్యం వదిలించే తంతు ఒక యువకుడిపై, యువతిపై వారి ఇష్టం లేకుండా ప్రయోగిస్తే, అక్కడ వచనం ఓదార్పు కాదు, హింసాసాధనం.

వెలివాడ నుంచి

తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ కులాల నుంచి వచ్చినవారు. ఊరికి వెలుపల నిలిపిన వాడ నుంచి వారు సంఘంలోకి నడిచారు. శాస్త్రప్రమాణాన్ని చూపి మనిషిని పుట్టుకతోనే అపవిత్రుడిగా నిర్ణయించడం ఎంతటి అన్యాయమో వారి చరిత్రకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అంబేద్కర్ 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని దహనం చేయించినప్పుడు ఎదిరించింది కాగితాన్ని కాదు, కాగితం పేర మనిషిని కొలిచే అధికారాన్ని.

బైబిల్ కూడా అటువంటి కొలబద్దగా మారిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. నోవహు శాపాన్ని ఆదికాండం నుంచి, దాసులు యజమానులకు లోబడాలన్న మాటలను పత్రికల నుంచి ఎత్తి చూపి అమెరికా దక్షిణాది సంఘాలు బానిసత్వాన్ని సమర్థించాయి. 1845లో బాప్టిస్టులు ఆ ప్రశ్నపైనే చీలారు. నెల్లూరు, ఒంగోలు మిషన్లను నడిపిన అమెరికన్ బాప్టిస్టులు ఆ చీలికలో ఉత్తరాది పక్షం. బానిసత్వాన్ని సమర్థించిన తన చరిత్రకు దక్షిణాది బాప్టిస్టు సమాఖ్య 1995లో క్షమాపణ చెప్పింది. దక్షిణాది బోధకుల చేతిలో ఉన్న వాక్యాలు సందిగ్ధమైనవి కావు. దాసులు లోబడాలన్న మాట మలకొయ్ కంటే ఎంతో స్పష్టం. అయినా స్పష్టమైన వాక్యాన్ని చూపడం న్యాయమైన ప్రయోగం కాలేదు. ఒక వచనం ఏమి చెబుతుందో తేలిన తరవాత కూడా, దాన్ని ఎవరిమీద, ఎందుకు ప్రయోగిస్తున్నామన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

కె. విల్సన్ 1982లో దళిత క్రైస్తవులను రెండుసార్లు పరాయీకరణకు గురైనవారిగా వర్ణించారు. కులం వల్ల సమాజానికి, మతం మారడం వల్ల రాజ్యరక్షణకు వారు దూరమయ్యారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల ఉంచింది. తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ–సీ వర్గంలో మిగిలారు. ఈ సూత్రాన్ని పొడిగిస్తే, ఎల్‌జీబీటీ దళిత క్రైస్తవ విశ్వాసిది మూడవ పరాయీకరణ. ఆ మూడవ వెలి మొదటి రెండు వెలులనూ అనుభవించిన సంఘం చేతిమీదుగానే వస్తుంది.

ఉత్తర తెలంగాణ జానపద మతంలో పరిస్థితి వేరు. వేములవాడ రాజన్న సన్నిధిలో శ్రీరామనవమినాడు శివపార్వతులు, హిజ్రాలు పెద్దసంఖ్యలో చేరి శివునితో తమ కల్యాణాన్ని జరుపుకుంటారు. ఆ చోటు ఆదర్శమేమీ కాదు. దానిచుట్టూ పేదరికం, దోపిడీ ఉన్నాయి. కానీ అక్కడ ఒక రోజుకైనా దేవుని ఎదుట నిలిచే హక్కు వారికి ఉంది. ప్రేమే దైవలక్షణమని బోధించే మందిరంలో ఆ మాత్రపు చోటు లేకపోతే, ఆ లోటు వచ్చినవారిది కాదు.

ప్రతివాదాలు

ఈ వాదానికి మూడు బలమైన ఆక్షేపణలు ఉన్నాయి. మొదటిది, సత్యాన్ని చెప్పకపోవడం ప్రేమ కాదన్నది. పాపమని నమ్మినదాన్ని పాపమనే హక్కు బోధకుడికి ఉంది. కానీ ఆ సత్యం లోభికి, కట్నం పుచ్చుకున్నవానికి, కులం చూసి సంబంధం కలుపుకున్నవానికి చెప్పిన స్వరంతోనే చెప్పబడుతోందా అన్నది పరీక్ష. ఒక్క వర్గానికే సత్యం కఠినమైతే, అది సత్యనిష్ఠ కంటే అధికార ప్రదర్శనకు దగ్గర.

రెండవది, కొరింథీయులకు వ్రాసిన పత్రిక 6:11 ఆధారంగా వచ్చేది. ఒకప్పుడు అట్టివారైన విశ్వాసులు కడుగబడ్డారు కనుక మారడం సాధ్యమని దాని సారాంశం. అక్కడ చెప్పిన మార్పు పాపజీవితం నుంచి పవిత్రతకు. ఆకర్షణ ఒక రకం నుంచి మరొక రకానికి మారుతుందని ఆ వాక్యం చెప్పలేదు. లేని వాగ్దానాన్ని దేవునికి అంటగట్టి, అది నెరవేరలేదని విశ్వాసిని నిందించడం రెండింతల అన్యాయం.

మూడవది, అన్ని వ్యాఖ్యానాలూ సమానమైతే ప్రమాణమే మిగలదన్నది. ఈ వ్యాసం అలా ప్రతిపాదించడం లేదు. వ్యాఖ్యానాల్లో బలాబలాలు ఉంటాయి. సంప్రదాయ వ్యాఖ్యానమే సరైనదని తేలినా, దానినుంచి ప్రభుబల్లకు దూరం చేయడం, శవానికి సమాధిస్థలం నిరాకరించడం, ఇంటినుంచి వెళ్లగొట్టమని తలిదండ్రులను ప్రోత్సహించడం వాటంతట అవి సిద్ధించవు. వాటికి వేరే న్యాయం చూపాలి. యేసు సుంకరులతో, పాపులని పేరుపడినవారితో భోజనానికి కూర్చున్న సువార్తల్లో ఆ న్యాయం దొరకడం కష్టం.

ముగింపు

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాని కథ ఉంది. ఎవరి పాపంవల్ల ఇతడు ఇలా పుట్టాడని శిష్యులు అడుగుతారు. యేసు ఆ ప్రశ్నలోని కార్యకారణ బంధాన్నే తిరస్కరిస్తాడు. ఇక్కడ సామ్యం లోపానికి సంబంధించినది కాదు. లైంగిక ధోరణి లోపమూ కాదు, రోగమూ కాదు. సామ్యం పుట్టుకను చూసి పాపాన్ని నిర్ణయించే తర్కానికి సంబంధించినది. కథ చివర ఆ మనిషిని, ధర్మశాస్త్రం తెలిసినవారే, అతడు పాపంలో పుట్టినవాడని నిందించి సమాజమందిరం నుంచి వెలివేస్తారు. పాత తర్జుమా ఆ చర్యకు వాడిన క్రియ ‘వెలివేయు’ అన్నదే. వెలివాడకూ, వెలివేతకూ ఒకే ధాతువు. వెలివేశారని విన్న యేసు అతనిని వెతికి కనుగొంటాడు.

గ్రంథం ఎవరి పక్షాన నిలిచిందో ఆ కథ చెబుతుంది. శాస్త్రజ్ఞానం తక్కువైనందువల్ల కాదు, శాస్త్రాన్ని మనిషికి ఎదురుగా నిలిపినందువల్ల వెలివేసినవారు కథలో గుడ్డివారయ్యారు. కాగజ్‌నగర్‌లోనో, మరొక ఊరిలోనో ఒక యువ విశ్వాసి ఆదివారంనాడు మందిరపు గడప దగ్గర ఆగిపోతే, సంఘం ముందుగా తేల్చుకోవలసింది మలకొయ్ అనే మాటకు అర్థం కాదు. తన చేతిలోని పుస్తకం ఆ గడపకు తలుపా, గొళ్లెమా అన్నది.